ఐఐటీ ఫ్యాకల్టీ అని రాయకండి, కింది సెక్షన్లకు చెప్పానని రాయమనండి

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ మ్యాథ్స్. బీఎడ్ చేయలేదు. విజయవాడలో ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో ఆరేళ్లు ఎంపీసీ పిల్లలకు లెక్కలు చెప్పింది. పెళ్లయ్యాక అల్లుడి ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లోని కోవెంట్రీకి వెళ్లింది. డిపెండెంట్ వీసా. ఏడాదిన్నరగా ఖాళీగా ఉంది. అక్కడి ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీల్లో మ్యాథ్స్ లెక్చరర్ పోస్టులు పడుతున్నాయని తెలిసి, రోజూ రాత్రి నేనే కూర్చుని 30 కాలేజీల దాకా సీవీ మెయిల్ చేశాను. ఒక్కరూ పలకలేదు. సీవీ బలంగా ఉండాలని ‘ఐఐటీ-జేఈఈ ఫ్యాకల్టీ’ అని కూడా పెట్టాం. నిజానికి తను చెప్పింది కింది సెక్షన్లకే. పైగా ఆ కాలేజీల్లో ప్లంబింగ్, జుట్టు కత్తిరించడం నేర్పుతారని విన్నాక మనసు ఒప్పడం లేదు. డేటా సైన్స్‌లో ఎమ్మెస్సీ చేయిద్దామా, స్కూల్ టీచర్‌గా ప్రయత్నించాలా, ఈ కాలేజీలకే అప్లై చేస్తూ ఉండాలా? మూడూ పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ ఉత్తరంలో అల్లుడి ఉద్యోగం ఉంది, వీసా ఉంది, మీ రాత్రుల కష్టం ఉంది. అమ్మాయి ఏమంటోందో మాత్రం ఒక్క ముక్క లేదండీ. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. అందరూ అడిగేది కోర్సు గురించే. లోపల ఉన్న భయం వేరు: ఇక్కడ ఆరేళ్లు చాక్‌పీసు పట్టి సంపాదించుకున్న అనుభవం అక్కడ దేనికీ కొరగాకుండా పోతుందేమోనని. ముందు ఆ భయానికే జవాబు చెబుతాను. పోదు. మ్యాథ్స్ చెప్పేవాళ్ల కోసం ఇంగ్లండ్ కాలేజీలు ఏడాది పొడవునా వెతుక్కుంటూనే ఉంటాయి. మీ అమ్మాయి అనుభవం వాళ్లకు పనికొచ్చేదే. దాన్ని వాళ్ల ముందు పెట్టిన తీరే తప్పు. ఆ తప్పులో పెద్ద వాటా మీదేనని చెప్పక తప్పడం లేదు.

30 మెయిళ్లకు ఒక్క జవాబూ రాకపోవడానికి కారణం చిన్నదే. ఇంగ్లండ్‌లో పిల్లలున్న స్కూళ్లు, కాలేజీలు ఎవరిని ఉద్యోగంలోకి తీసుకోవాలన్నా ‘కీపింగ్ చిల్డ్రన్ సేఫ్ ఇన్ ఎడ్యుకేషన్’ అనే ప్రభుత్వ మార్గదర్శకం పాటించాలి. దాని ప్రకారం సీవీ ఒక్కటే తీసుకోకూడదు, అప్లికేషన్ ఫారం తప్పనిసరి. మీరు పంపిన మెయిల్‌ని ఎవరైనా తెరిచి ఉన్నా, పక్కన పెట్టడం తప్ప వాళ్లు చేయగలిగింది లేదు. కాబట్టి 30 చోట్ల తిరస్కరించారన్న మాట ఇంట్లో ఇక అనకండి. అమ్మాయి ఇంతవరకు ఒక్కచోట కూడా అప్లై చేయలేదు. లెక్క సున్నా నుంచే మొదలు.

ఇంకో మాట. ఆ ఫారం చివర ‘ఇందులోని వివరాలన్నీ నిజం’ అని ఆమె పేరుతో ఒప్పుకోలు ఉంటుంది. గుంటూరులో కూర్చుని తండ్రి నింపిన ఫారం మీద, తను చెప్పని ఐఐటీ క్లాసుల గురించి, ఇంటర్వ్యూలో ఆమె ఏం సమాధానం చెప్పాలి? అక్కడ పాత కాలేజీకి రాసి రెఫరెన్స్ అడుగుతారు. అబద్ధమని తేలితే ఇచ్చిన ఉద్యోగం కూడా వెనక్కి తీసుకుంటారు. పిల్ల మీద ప్రేమతోనే చేశారు, కాదనను. కానీ ముప్పై ఏళ్లకు దగ్గర పడుతున్న లెక్చరర్‌కి నాన్న రాత్రిపూట ఉద్యోగాలు వెతికిపెట్టడం ఆమెకు ధైర్యం ఇవ్వదండీ. ‘నీ వల్ల కాదు’ అన్న మాటే రోజూ వినిపిస్తుంది.

ప్లంబింగ్ సంగతికి వద్దాం. ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీలంటే మన ఇంటర్, పాలిటెక్నిక్, ఐటీఐ, వయోజన విద్య అన్నీ ఒకే ఆవరణలో ఉన్నట్టు. 16 దాటిన పిల్లలూ, మధ్యలో చదువాపేసి మళ్లీ వచ్చిన పెద్దలూ ఉంటారు. మీకు నామోషీగా అనిపించిన ఆ ప్లంబింగ్ కుర్రాళ్ల వల్లే మీ అమ్మాయికి అక్కడ పని ఉంది. 16 ఏళ్లకు రాసే జీసీఎస్‌ఈ పరీక్షల్లో లెక్కల్లోగానీ ఇంగ్లిష్‌లోగానీ కనీసం గ్రేడ్ 4, అంటే పాస్, రాకపోతే, 16 నుంచి 18 ఏళ్ల పిల్లలు ఏ కోర్సులో చేరినా ఆ సబ్జెక్టు మళ్లీ చదవాలి. 2014 నుంచి కాలేజీకి వచ్చే ప్రభుత్వ నిధులకు ఈ షరతు ముడిపెట్టారు. హెయిర్ డ్రెస్సింగ్ పిల్లలైనా, కార్ల రిపేరు పిల్లలైనా వారం వారం లెక్కల క్లాసుకు రావాల్సిందే. వాళ్లలో మళ్లీ రాసి గట్టెక్కేవాళ్లు ఐదుగురిలో ఒకరు కూడా ఉండరు. లెక్కలంటే భయపడి, భయం దాటి అసహ్యం దాకా వచ్చిన పిల్లలు వాళ్లు.

ఇప్పుడు మీరు దాచిపెట్టిన విషయం చూడండి. కింది సెక్షన్లు. మన కార్పొరేట్ కాలేజీల్లో పై సెక్షన్ పిల్లలకు పాఠం చెప్పడం తెలివైన పని కావచ్చు, కష్టమైన పని మాత్రం కాదు. వాళ్లు ఎవరు చెప్పినా నేర్చుకుంటారు. వీకెండ్ టెస్టులో నూటికి ఇరవై తెచ్చుకుని, స్టడీ అవర్‌లో వెనక బెంచీలో తలదించుకుని కూర్చునే పిల్లవాణ్ని పాస్ మార్కుల దాకా లాక్కురావడమే టీచర్ పని. మీ అమ్మాయి ఆరేళ్లు చేసింది అదే. కోవెంట్రీలో ఇంటర్వ్యూ ప్యానెల్ వెతికేది అలాంటి మనిషినే. మీరేమో ఆ ఒక్క అర్హతనూ కొట్టేసి, వాళ్లకు అక్కర్లేని ర్యాంకుల మాట పెట్టారు.

ఇక డేటా సైన్స్. దీని మీద నా అనుమానాలు కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ మధ్య లెక్కలు చదివిన ప్రతి అమ్మాయికీ, అబ్బాయికీ ఇంట్లో ఇదే మంత్రం. మీ అమ్మాయి ఎప్పుడైనా కోడ్ రాసిందా? ఉత్తరంలో లేదు. ఇష్టముందా? అదీ లేదు. బ్రిటన్‌లో ఎమ్మెస్సీ అంటే ఒక్క ఏడాది. అందులో చివరి మూడు నాలుగు నెలలు ప్రాజెక్టుకే పోతాయి. మిగిలిన కాలంలో ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్, మెషీన్ లెర్నింగ్ అన్నీ పరుగులో చెబుతారు. డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు సాధారణంగా విదేశీ విద్యార్థుల ఫీజే పడుతుంది, చాలా యూనివర్సిటీల్లో అది 15 వేల పౌండ్లు దాటుతుంది. అంతా కట్టి బయటికొచ్చాక పోటీ ఎవరితో? నాలుగేళ్లు కంప్యూటర్ సైన్స్ చదివి, రెండేళ్లు ఉద్యోగం చేసి, అదే డిగ్రీ తెచ్చుకున్నవాళ్లతో. కొత్తవాళ్లకు ఇచ్చే ఉద్యోగాలు అసలే తక్కువ, వాటిలోనూ ‘ఇంతకుముందు ఏం చేశారు’ అన్నదే మొదటి ప్రశ్న. అక్కడ ఆరేళ్ల బోధన అనుభవం గురించి అడిగేవాళ్లు ఉండరు. అంటే మీరు ఏ నష్టానికి భయపడి ఆ దారి చూస్తున్నారో, ఆ నష్టాన్నే డబ్బు పెట్టి కొంటారన్నమాట.

ఆ చదువు చెడ్డదని కాదు. ఆమె తనంతట తాను సాయంత్రాలు కూర్చుని పైథాన్ నేర్చుకుంటూ, దాని గురించే మాట్లాడుతూ ఉంటే నా జవాబు వేరేగా ఉండేది. కానీ పెళ్లిళ్లలో ‘మీ అమ్మాయి ఏం చేస్తోందండీ’ అన్నప్పుడు చెప్పుకోవడానికి బాగుంటుందని మాత్రం చేరిపించకండి. ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఫీజు కట్టరు.

స్కూల్ సంగతి క్లుప్తంగా. 2023 నుంచి భారతీయ టీచర్లు కూడా ఇంగ్లండ్‌లో టీచర్ హోదాకు, అంటే క్యూటీఎస్‌కు, నేరుగా అప్లై చేసుకోవచ్చు. లెక్కలు అందులో ఉన్నాయి. అయితే బీఎడ్ లాంటి శిక్షణ ఉండాలి, మీ అమ్మాయికి లేదు. కాబట్టి ఇప్పటికి ఆ తలుపు మూసే ఉంది. ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీల్లో చేరేనాటికే టీచింగ్ అర్హత ఉండాలన్న చట్టపరమైన నిబంధనను 2013లో తీసేశారు. చాలా కాలేజీలు సబ్జెక్టు వచ్చినవాళ్లను తీసుకుని, ఉద్యోగంలో ఉండగానే టీచింగ్ డిప్లొమా చేయిస్తాయి. ఆ తర్వాత క్యూటీఎల్‌ఎస్ అనే కాలేజీ టీచర్ల హోదా తెచ్చుకుంటే ఇంగ్లండ్ స్కూళ్లలోనూ క్యూటీఎస్‌తో సమానంగా చెల్లుతుంది, 2012 నుంచి ఉన్న ఏర్పాటే. అంటే స్కూల్‌కి కూడా దారి ఈ కాలేజీ గుండానే ఉంది.

అలాగని అంతా బాగుందని చెప్పను. ఈ కాలేజీల్లో జీతాలు స్కూళ్ల కంటే తక్కువ. 1993లో ఇవి స్థానిక ప్రభుత్వాల చేతుల్లోంచి బయటికొచ్చినప్పటి నుంచి ఏ కాలేజీ జీతం ఆ కాలేజీదే. గంటల లెక్కన ఇచ్చే కాంట్రాక్టులు ఎక్కువ, సెలవుల్లో చేతికి డబ్బు రాకపోవచ్చు. కాగితం పని విసుగు పుట్టిస్తుంది. మ్యాథ్స్ లాంటి కొరత సబ్జెక్టులు చెప్పే కొత్త టీచర్లకు, అర్హతను బట్టి, ఏడాదికి 6,000 పౌండ్ల దాకా అదనంగా ఇచ్చే పథకం 2024లో వచ్చింది. దాన్ని చూసి మాత్రం లెక్కలు వేసుకోవద్దు, అర్హతలు చదివాక వేసుకోండి. నన్నడిగితే పూర్తి ఉద్యోగం కోసమే పట్టుబట్టకుండా, సాయంత్రం పెద్దవాళ్లకు చెప్పే గంటల క్లాసు దొరికినా తీసుకోమంటాను. బ్రిటన్‌లో ఒక రెఫరెన్స్ పుడుతుంది. మరో సంగతి మీరు గమనించినట్టు లేదు: అల్లుడి వీసా మీద ఉంది కాబట్టి ‘స్పాన్సర్‌షిప్ కావాలా’ అన్న గడిలో ‘వద్దు’ అని పెట్టగలదు. అక్కడ ఎందరో మన పిల్లలకు ఆ గడి దగ్గరే ఆగిపోతోంది.

ఫారం గురించి అమ్మాయికి ఈ భాగం చదివి వినిపించండి, లేదా పంపించండి.

ప్రతి ప్రకటనతోపాటు ‘పర్సన్ స్పెసిఫికేషన్’ అని ఒక కాగితం ఉంటుంది. తప్పనిసరిగా ఉండాల్సినవి, ఉంటే మంచివి అని రెండు వరసలు. ఫారంలో తన గురించి రాసుకునే సపోర్టింగ్ స్టేట్‌మెంట్‌లో వాటికి ఒక్కొక్కదానికీ ఒక సంఘటన చూపించాలి. మార్కులు వేసేది ఆ వరసల ప్రకారమే. ‘సబ్జెక్టు మీద గట్టి పట్టు ఉంది, కష్టపడి పనిచేస్తాను’ అంటే సున్నా. ‘వెనకబడిన సెక్షన్‌లో భిన్నాల దగ్గరే ఆగిపోయిన పిల్లల్ని గుర్తించి, పొద్దున స్టడీ అవర్‌లో వాళ్లను విడిగా కూర్చోబెట్టి ఇలా చెప్పాను, టెస్టుల్లో మార్పు ఇలా వచ్చింది’ అంటే మార్కులు. హాస్టల్ పిల్లల తల్లిదండ్రులకు ఫోన్లు చేసిన బాధ్యత, ఇన్‌చార్జ్‌గా చూసుకున్న సెక్షన్ కూడా రాయాలి. మన దగ్గర అది చాకిరీ కింద పోతుంది, అక్కడ దానికి విలువ ఉంది. ఖాళీగా ఉన్న ఏడాదిన్నరను తేదీలతో సహా చెప్పాలి, దాస్తేనే అనుమానం. ‘పెళ్లి, దేశం మారడం’ అని ఒక్క లైను చాలు. డిగ్రీలకు, విదేశీ చదువులను అక్కడి చదువులతో పోల్చి చెప్పే యూకే ఇనిక్ అనే సంస్థ నుంచి సమానత పత్రం తీసుకోవాలి. జీసీఎస్‌ఈ గడి ఖాళీగా వదలకుండా టెన్త్, ఇంటర్ వివరాలు నింపాలి.

పిలుపు వస్తే మైక్రో టీచ్ ఉంటుంది, 15 లేదా 20 నిమిషాల పాఠం. మన లెక్చరర్లు తడబడేది ఇక్కడే. బోర్డు వైపు తిరిగి, సూత్రం రాసి, నాలుగు లెక్కలు గబగబా చేసి చూపిస్తారు. పాఠం బ్రహ్మాండంగా ఉంటుంది, ఉద్యోగం రాదు. ఎందుకంటే ప్యానెల్ చూసేది టీచర్‌ని కాదు, ఎదురుగా కూర్చున్నవాళ్లు ఏం చేస్తున్నారని. శాతాలు ఇచ్చారనుకుందాం. 50 పౌండ్ల బూట్ల మీద 20 శాతం తగ్గించారు, మర్నాడు కొత్త ధర మీద 20 శాతం పెంచారు, మళ్లీ 50 అవుతుందా అని అడిగి, అందరినీ చిన్న తెల్లబోర్డు మీద జవాబు రాసి ఎత్తమనాలి. సగం మంది 50 అంటారు. 48 అన్నవాళ్లలో ఒకరిచేత ఎందుకో చెప్పించాలి. తప్పు రాసినవాళ్లను నవ్వులపాలు చేయకుండా అక్కణ్నుంచి పాఠం నడపాలి. గంట కొట్టకముందే ఆపాలి.

ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ఒక స్టూడెంట్ మీ దగ్గరికొచ్చి ‘ఎవరికీ చెప్పనంటే ఇంట్లో సంగతి ఒకటి చెబుతాను’ అంటే ఏం చేస్తారు? మనవాళ్ల నోట వెంటనే వచ్చే జవాబు ‘పేరెంట్స్‌కి ఫోన్ చేస్తాను’. హాని ఇంట్లోనే జరుగుతుంటే ఆ ఫోన్ పిల్లను ఇంకా ప్రమాదంలోకి నెడుతుంది. ఎవరికీ చెప్పనని మాటివ్వకూడదు, శ్రద్ధగా వినాలి, అన్నది అన్నట్టు రాసిపెట్టి కాలేజీలో ఆ బాధ్యత చూసే సేఫ్‌గార్డింగ్ లీడ్‌కి వెంటనే తెలియజేయాలి. ఈ జవాబు తడుముకోకుండా రావాలి.

సెప్టెంబర్‌లో మొదలయ్యే పోస్టులకు ప్రకటనలు వేసవికి ముందు నుంచి ఎక్కువగా వస్తాయి. ఒక్కో ఫారానికి మూడు నాలుగు సాయంత్రాలు పడుతుంది, 30 చోట్ల కాకుండా ఇంటి నుంచి బస్సులో వెళ్లిరాగల నాలుగు కాలేజీలకు పెట్టమనండి.

మీరు ఊరికే ఉండలేరని తెలుసు కాబట్టి మీకూ ఒక పని చెబుతాను, అది మీరే చేయగలరు. గుంటూరు నుంచి విజయవాడ ఎంతో దూరం కాదు. పాత కాలేజీకి వెళ్లి, చేరిన తేదీ, మానేసిన తేదీ, చెప్పిన సబ్జెక్టు ఉన్న సర్వీస్ సర్టిఫికెట్ తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంకా వాళ్ల దగ్గరే ఉంటే విడిపించండి. రెఫరెన్స్ ఇచ్చే ప్రిన్సిపాల్ గారిది జీమెయిల్ కాకుండా కాలేజీ పేరుతో ఉన్న మెయిల్ అడ్రస్ అడగండి, ఇంగ్లండ్ నుంచి మెయిల్ వస్తే జవాబివ్వమని ఒక మాట చెప్పి రండి. భారత్ నుంచి పోలీస్ క్లియరెన్స్ కూడా అడుగుతారు, దానికి మాత్రం అమ్మాయే అక్కడ మన హైకమిషన్ తరఫున పనిచేసే కేంద్రంలో అప్లై చేసుకోవాలి. ఈ లోపు, మీరు రాత్రిళ్లు సీవీలు పంపిన అమ్మాయి మెయిల్ పాస్‌వర్డ్ ఆమెను మార్చుకోమనండి.