మనసు డెర్మటాలజీ మీద, పిలుపు కార్డియాలజీ నుంచి

ప్రశ్న: మెడిసిన్ రెండో సంవత్సరం చదువుతున్నాను. డెర్మటాలజీ చేయాలని ఉంది. మా కార్డియాలజీ ప్రొఫెసర్ తన రీసెర్చ్ ప్రాజెక్టులో చేరమంటున్నారు. వేరే విభాగంలో చేస్తే టైమ్ వేస్ట్ అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: వేస్ట్ కాదు. కాకపోతే చేరే ముందు ఆ ప్రాజెక్టు ఎంతవరకు వచ్చిందో అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందా? డేటా ఉందా, ఇంకా సేకరించాలా? రోగులను ఏళ్ల తరబడి ఫాలో అప్ చేసే స్టడీలో ఇప్పుడు చేరితే, అది తేలేలోపు మీ కోర్సే అయిపోవచ్చు. పాత కేస్ షీట్లు తిరగేసి చేసే స్టడీ అయితే మీరుండగానే పూర్తయ్యే అవకాశం ఎక్కువ. సగంలో ఆగిన డెర్మటాలజీ ప్రాజెక్టు కన్నా పూర్తయిన కార్డియాలజీ పేపరే నయమని నేనంటాను. పైగా క్లినికల్ పోస్టింగులు మొదలయ్యాక మీ ఇష్టం మారినా ఆశ్చర్యం లేదు. డేటాను సరిచూడటం, స్టాటిస్టిక్స్, పేపర్ రాయడం ఏ విభాగానికి వెళ్లినా కావాల్సినవే.

మీ విషయంలో ఇంకో దారి కూడా ఉంది. సోరియాసిస్ చర్మంతో ఆగే జబ్బు కాదు. అది తీవ్రంగా ఉన్నవాళ్లకు గుండెపోటు ముప్పు ఎక్కువ. ఒళ్లంతా ఉండే ఇన్‌ఫ్లమేషన్ (వాపు ప్రక్రియ) అందుకు ఒక కారణమని భావిస్తున్నారు. ఆ కార్డియాలజీ కేసుల్లో సోరియాసిస్ ఉన్నవాళ్లను విడిగా చూడవచ్చా అని ప్రొఫెసర్‌ను అడగండి. కేసులు సరిపడా ఉంటే రెండు విభాగాలకూ పనికొచ్చే ప్రశ్న మీ చేతికొస్తుంది. లేకపోతే పోయిందేమీ లేదు, అడిగారన్న పేరైనా మిగులుతుంది!

అయితే డెర్మటాలజీ సీట్లకు పోటీ గట్టిది. రీసెర్చ్‌ను కూడా చూసి సీటిచ్చే చోట, ఆ విభాగంలో ఒక్క పనైనా లేకపోతే ఇంటర్వ్యూలో ఇబ్బందే. రోగి అనుమతి తీసుకుని, ఆ విభాగం డాక్టరు దగ్గర ఒక కేస్ రిపోర్టు (ఒక రోగి జబ్బు, చికిత్స వివరాలతో చిన్న పేపర్) రాసినా మొదలుపెట్టినట్టే.

పేపర్లో పేరు సంగతి మొహమాటపడకుండా ముందే తేల్చుకోండి. చాలా మెడికల్ జర్నళ్లు పాటించే ఐసీఎంజేఈ (మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) నిబంధనల ప్రకారం, డేటా ఎక్కించినంత మాత్రాన రచయిత కారు. పేపర్ రాయడంలోనో, దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, తుది ప్రతిని ఆమోదించాలి, అందులో ఉన్నదానికి జవాబుదారీగా ఉండాలి. అందుకే డేటా పనితో పాటు కనీసం మెథడ్స్ భాగమైనా తొలి డ్రాఫ్ట్ మీరే రాస్తానని అడగండి.