అడగని ప్యాకేజీలు ఎందుకు దిగుతాయి?

‘ఉబుంటు లినక్స్‌లో ఒక ప్యాకేజీ (ప్రోగ్రామ్) అడిగితే పది దిగుతున్నాయి. అక్కర్లేనివి వద్దనే వీలు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఉండాలి కదా?’ అని ఒకరు అడిగారు. ఉండాలి. ఉంది కూడా. ప్యాకేజీలు దించే ఏపీటీ కమాండ్‌కి ‘నో ఇన్‌స్టాల్ రికమెండ్స్’ ఆప్షన్ తగిలిస్తే సరి. రికమెండ్స్ అంటే తప్పనిసరి కాకపోయినా, ఉంటే మంచిదని ఒక ప్యాకేజీ తోడు తెచ్చుకునేవి. నా గొడవ వేరే. ఏది ఎందుకు వస్తోందో చెప్పకుండా వద్దనే హక్కు ఇస్తే ఏం లాభం?

ఉబుంటు 14.04 రోజుల్లో మా బాబాయి జిరాక్స్ షాపు సిస్టమ్‌లో రెండు హార్డ్ డిస్కులు పెట్టాం. ఒకటి పోయినా రెండోదాంట్లో ఫైళ్లు ఉండేలా రెయిడ్ చేద్దామని, ఆ పని చేసే ఎండీఏడీఎం ఇన్‌స్టాల్ కొట్టాను. నెట్టేమో డాంగిల్. కాసేపటికి తెర మొత్తం మారిపోయి, మెయిల్ సర్వర్ ఏ రకం కావాలో ఎంచుకోమంది. ఇంటర్నెట్ సైటా, స్మార్ట్‌హోస్టా, శాటిలైట్ సిస్టమా? ఆ చివరిది చూసి బాబాయికి టెన్షన్. “ఒరే, దీనికి డిష్ కూడా కొనాలంట్రా?” ఆధార్ కాపీ కోసం నిలబడ్డాయన ఒకటే నవ్వు. ‘నో కాన్ఫిగరేషన్’ నొక్కి బయటపడ్డాను.

నిజానికి కారణం మంచిదే. డిస్కు పాడైతే ఎండీఏడీఎం మెయిల్ పంపుతుంది, పంపడానికి పోస్ట్‌ఫిక్స్ లాంటి మెయిల్ సర్వర్ కావాలి. ఆ ఒక్క ముక్క తెర మీద ఉంటే బాబాయే తేల్చేసేవాడు, “నేను మెయిల్ చూసేదెప్పుడు, వద్దులే” అని.

ఆర్చ్ లినక్స్ ఈ పని చక్కగా చేస్తుంది. ఆప్షనల్ ప్యాకేజీల పేర్లు, ఏది దేనికో పక్కనే ఒక ముక్క, అంతే. తనంతట తాను ఏదీ దించదు. ఉబుంటుకి మూలమైన డెబియన్ మాత్రం 2009 నాటి లెన్నీ వెర్షన్ నుంచి రికమెండ్స్ అన్నీ దించేస్తోంది, కారణం చెప్పదు. జెంటూ లినక్స్‌లో ఏ ఫీచర్ కావాలో వద్దో చెప్పే యూజ్ ఫ్లాగ్స్ ఇంకో చివర. అన్నీ మనమే తేల్చుకోవాలి, ఉద్యోగం మానేస్తే కుదురుతుందేమో. విండోస్‌లో ముందే టిక్ పెట్టి టూల్‌బార్లు అంటగట్టే ఇన్‌స్టాలర్ల సంగతి ఇక ఎత్తను.

‘కాన్ఫిగ్ ఫైల్లో రికమెండ్స్ శాశ్వతంగా ఆపేయండి’ అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కోడ్ మార్పులు దాచుకునే గిట్‌కి సీఏ సర్టిఫికెట్స్ (సైట్ అసలుదో కాదో తేల్చేవి), ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ (వేరే సిస్టమ్‌కి భద్రంగా కనెక్ట్ చేసేది) రెండూ రికమెండ్సే. ఖాళీ డాకర్ ఇమేజ్‌లో (ప్రోగ్రామ్ నడపడానికి కట్టుకునే చిన్న సిస్టమ్ మూటలో) వాటిని వదిలేసి హెచ్‌టీటీపీఎస్ లింకుతో క్లోన్ కొట్టి (కోడ్ కాపీ దించి) చూడండి, సర్టిఫికెట్ ఎర్రర్ ఎదురొస్తుంది. అక్కడ రికమెండ్స్ ఆపితే ఈ రెండింటినీ ఇన్‌స్టాల్ లిస్టులో మీరే విడిగా రాసుకోవాలి. మామూలు సిస్టమ్‌లో అయితే ముందు ‘ఏపీటీ షో’ కొట్టి రికమెండ్స్ వరస చదివి, అప్పుడు ఎంటర్ నొక్కండి.