సీడీ ఆడుతుంది, డీవీడీ అంటే మొరాయిస్తుంది!

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో పాటల సీడీలు చక్కగా ఆడుతున్నాయి. డీవీడీ పెడితే మాత్రం కాసేపు గిర్రున తిరిగి, ‘డిస్క్ పెట్టండి’ అంటోంది. విండోస్ మళ్లీ ఎక్కించమంటున్నారు. ఎక్కించమంటారా?

జవాబు: ఇప్పుడే ఆ పని పెట్టుకోకండి. సీడీలు ఆడుతున్నాయంటే విండోస్‌ను అనుమానించాల్సిన పని దాదాపు లేనట్టే. (ఏ రోగానికైనా ‘ఫార్మాట్ కొట్టు’ అనే వైద్యులు ఎక్కువైపోయారు!) సీడీని చదివేది 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న లేజర్, డీవీడీని చదివేది 650 నానోమీటర్లది. ఒకటి నీరసించినా రెండోది పనిచేస్తూనే ఉంటుంది. పైగా సీడీలో వరుసల మధ్య ఎడం 1.6 మైక్రాన్లయితే, డీవీడీలో 0.74 మాత్రమే. అందుకే లెన్స్ మీద కాస్త దుమ్ముంటే ముందు తడబడేది డీవీడీయే.

ట్రే బయటికి లాగి, ల్యాప్‌టాప్ ఆపేయండి. ట్రే మీదే శనగగింజంత లెన్స్ కనిపిస్తుంది. ఇయర్‌బడ్‌కు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్ది, నొక్కకుండా తుడిచి ఆరనివ్వండి. డిస్క్‌ను మధ్యలో ‘టిక్’మనేదాకా నొక్కి కూర్చోబెట్టండి.

కొన్న డీవీడీ ఆడి, ఇంట్లో రాసుకున్నది ఆడకపోతే తప్పు డిస్క్‌ది కావచ్చు. దాన్ని రాసిన డ్రైవ్‌లోనే పెట్టి ఫైనలైజ్ చేసి (వేరే డ్రైవ్‌లూ చదివేలా రాతను ముగించి) చూడండి. ఏ డీవీడీ కూడా ఆడకపోతే మరమ్మతు దండగ, యూఎస్‌బీకి తగిలించే బయటి డీవీడీ డ్రైవ్ కొనుక్కోండి.