గ్రాండ్ కాన్యన్‌లో చుక్కలు చూపించడానికి పీహెచ్‌డీ ఎందుకండీ?

ప్రశ్న: అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ నేషనల్ పార్కులో ‘ఆస్ట్రానమర్ ఇన్ రెసిడెన్స్’ అని ఒకరిని ఎంపిక చేసి కొన్నాళ్లు అక్కడే ఉంచుతారట. ఖగోళశాస్త్రంలో డిగ్రీ లేనివాళ్లు అప్లై చెయ్యొచ్చా? అక్కడ ఉండి చేసే పనేమిటి?

నిక్షేపంగా చెయ్యొచ్చు. 2021లో ఇది మొదలైనప్పుడు మొట్టమొదట వెళ్లిన టైలర్ నార్డ్‌గ్రెన్ ఖగోళశాస్త్రం ప్రొఫెసరుగా చేసినాయనే, కాదనను. కానీ నేషనల్ పార్కులకు ఆయన గీసిన పోస్టర్లు చూసినవాళ్లు ఆయన పాఠాలు విన్నవాళ్లకంటే ఎక్కువే ఉంటారు. దీన్ని నడిపేది పార్కుకు తోడుగా పనిచేసే గ్రాండ్ కాన్యన్ కన్సర్వెన్సీ. శాస్త్రవేత్తలే రావాలని వాళ్లేం పట్టుబట్టరు, అమెచ్యూర్లు, టీచర్లు, కళాకారులు అందరికీ చోటుంది. నన్నడిగితే పీహెచ్‌డీ ఉన్నవాళ్లలో సగం మంది ఈ పనికి పనికిరారు. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

నేను రెసిడెంట్‌గా ఎప్పుడూ ఉండలేదు. గ్రాండ్ కాన్యన్ ఉన్న అరిజోనా రాష్ట్రంలోనే, ఫీనిక్స్‌లో ఉద్యోగం, సెలవు దొరికితే 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు కారులో పడేసుకుని చీకటి వెతుక్కుంటూ పోయే బాపతు. ఆ పార్కులో ఏటా జూన్‌లో స్టార్ పార్టీ జరుగుతుంది, 1991 నుంచీ ఉంది. సౌత్ రిమ్‌లో, అంటే లోయ దక్షిణపు అంచున, విజిటర్ సెంటర్ దగ్గర మాలాంటివాళ్లం టెలిస్కోపులు పెట్టుకుంటే వచ్చేపోయేవాళ్లు వరసలో నిలబడి చూసి వెళ్తారు. ఒకసారి మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఆమెను కూడా తీసుకెళ్లాను. సూర్యాపేట పక్కన పల్లెటూరు మాది. జూన్ అయినా ఆ ఏడు వేల అడుగుల ఎత్తులో రాత్రయ్యేసరికి చలి వణికిస్తుంది, అందుకని శాలువా కప్పి నా పక్కనే ఫోల్డింగ్ కుర్చీలో కూర్చోబెట్టాను.

తొమ్మిదిన్నర దాటితే గానీ అక్కడ పూర్తిగా చీకటి పడదు. నేను టెలిస్కోపులో ఎం13 అనే నక్షత్ర గుచ్ఛం పెట్టి, ఇందులో లక్షల నక్షత్రాలున్నాయి, ఈ వెలుగు బయల్దేరి ఇరవై వేల ఏళ్లు దాటింది అని వచ్చినవాళ్లకల్లా అప్పజెబుతున్నాను. చూసినవాళ్లు ‘వావ్’ అనడం, పక్క టెలిస్కోపులో శని గ్రహం చూసే లైన్లోకి పోవడం. ఇంతలో ఒక చిన్నపిల్ల, ఏడెనిమిదేళ్లుంటాయేమో, టెలిస్కోపు వదిలేసి మా అమ్మ దగ్గరికెళ్లి నువ్వేం చూస్తున్నావని అడిగింది. అమ్మకు ఇంగ్లిష్ రాదు. వాయవ్యంగా పైకి వేలు చూపించి తెలుగులోనే మొదలుపెట్టింది. నేను అనువాదం అందుకుని, అది సప్తర్షి మండలం అనబోతుంటే ఆపేసింది. “ఋషులు గాదురా, ముసలవ్వ మంచంకోళ్లు అని చెప్పు. గా నాలుగు చుక్కలు మంచం, ఎనకనున్న మూడు దొంగలు. మంచం ఎత్కపోదామని గుంజుతున్నరు, గందుకే ఒక కోడు వంకరవోయింది.”

నిజంగానే ఆ నాలుగు చుక్కలు సరిగ్గా చతురస్రంలో ఉండవు, చూసుకోండి. ఆ పిల్ల కాసేపు తల వెనక్కి వాల్చి చూసి, మరి ఇంకా ఎందుకు ఎత్తుకుపోలేదు అంది. అమ్మ ఇంత కూడా తెలీదా అన్నట్టు “ముసలవ్వ నిద్రవోతే గదా!” అంది.

అంతే, లైను నా టెలిస్కోపు దగ్గర్నుంచి అమ్మ కుర్చీ దగ్గరికి జరిగింది. నేను కూడా ఎం13 వదిలేసి టెలిస్కోపును నడిమి దొంగ మీదికి తిప్పాను. పెళ్లిలో పంతులుగారు పట్టపగలు చూపిస్తే మనందరం చూశామని తలూపిన అరుంధతి ఉండేది వాడి పక్కనే. టెలిస్కోపులో చూస్తే ఆ దొంగే, అంటే మన వసిష్ఠుడే, రెండు చుక్కలుగా విడిపోతాడు. దొంగకు తోడుదొంగ ఉన్నాడని చెప్పేసరికి పెద్దవాళ్లు కూడా రెండోసారి వరసలోకొచ్చారు. చివర్లో రేంజర్ ఒకావిడ వచ్చి అమ్మ చెప్పింది చెప్పినట్టు నోట్‌బుక్కులో రాసుకుంది. రెసిడెంట్ చేయాల్సిన పని ఏమిటని అడిగారు కదా, సొంత ప్రాజెక్టు ఏదో ఒకటి ఉంటుంది, అది పక్కన పెడితే ఇదే పని: సూర్యాస్తమయం ఫొటో తీసుకుని కారెక్కబోయేవాణ్ని ఆపి పైకి చూసేలా చెయ్యడం.

ఇక ఫోన్ లైట్ల సంగతి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, ఎవడో ఒకడు తెల్ల ఫ్లాష్ వేశాడంటే ఆ అరగంటా గోవిందా. ఎర్ర లైటు వాడమని బోర్డు పెడతారు, నోటితో చెప్తారు, అయినా సెల్ఫీ లేకపోతే ప్రాణం పోతుంది మనోళ్లకి. మనోళ్లే కాదులెండి, అందరూ అంతే.

జనం అనుకునేదేంటంటే అక్కడ ఊళ్లు లేవు కాబట్టి చీకటి ఊరికే వచ్చిందని. లాస్ వెగాస్ వెలుగు పడమటి అంచున అక్కడి నుంచి కూడా కనిపిస్తుంది. పార్కులోనే హోటళ్లు, పార్కింగులు, క్వార్టర్సు అన్నీ కలిపి వేల లైట్లుంటాయి. వాటిని లెక్కబెట్టి, పైకి చిమ్మేవాటికి మూతలు పెట్టి, తెల్లవి తీసి పసుప్పచ్చవి వేసుకుంటూ వస్తే 2016లో తాత్కాలికంగా, 2019లో పూర్తిస్థాయిలో డార్క్ స్కై పార్క్, అంటే రాత్రి చీకటిని కాపాడుకుంటున్న పార్కు అన్న గుర్తింపు వచ్చింది. దారిలో తగిలే ఫ్లాగ్‌స్టాఫ్ ఊరైతే 1958లోనే సెర్చిలైట్లు వెయ్యొద్దని చట్టం చేసుకుంది. మా ఊళ్లో నాలుగు రోడ్ల కూడలిలో హైమాస్ట్ లైటు పెట్టి దాని కింద ఫ్లెక్సీ కట్టుకున్నారు. ఇప్పుడక్కడ మా అమ్మకు మంచం ఓ మోస్తరుగా కనిపిస్తుంది గానీ దొంగ పక్కన చిన్నచుక్క ఎంత వెతికినా కనపడదు.

అసలు ఇలాంటి రెసిడెన్సీ మన నల్లమలలో పెట్టాలి. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా శ్రీశైలం రోడ్డు మీద బళ్లు వదలరు, అంటే పులుల పుణ్యమా అని సగం పని ఇప్పటికే అయిపోయింది. పైగా గ్రాండ్ కాన్యన్‌లో అగస్త్య నక్షత్రం ఎంత లేచినా దిగంతానికి ఒక డిగ్రీ పైన తచ్చాడి దిగిపోతుంది, మనకైతే శీతాకాలంలో దక్షిణాన దర్జాగా ఇరవై డిగ్రీల ఎత్తుకొస్తుంది. లడఖ్‌లో హాన్లే చుట్టుపక్కల ఊళ్లవాళ్లకే టెలిస్కోపులిచ్చి శిక్షణ ఇచ్చారు. 2024లో మహారాష్ట్రలోని పెంచ్ టైగర్ రిజర్వ్‌కు డార్క్ స్కై పార్క్ గుర్తింపొచ్చింది, అది మన ఆదిలాబాద్‌కు ఏమంత దూరం కాదు. అమ్రాబాద్‌లో చెంచు పెద్దాయన ఎవరైనా కుర్చీలో కూర్చుని వాళ్ల చుక్కల కథలు చెప్తే నేను ఫీనిక్స్ నుంచి టికెట్ కొనుక్కుని వస్తాను.

సరే, మీరు అప్లై చేస్తే మాత్రం డిగ్రీలు రాయడం తగ్గించి, చీకట్లో ఎవరికి ఏం చూపిస్తారో, ఏం చెప్తారో రాయండి. సెలెక్టయితే పచ్చిమిర్చి, కందిపప్పు, ఆవకాయ ఫీనిక్స్‌లోనే కొనుక్కుని వెళ్లండి. అక్కడ రిమ్ మీద స్టోరుంది గానీ దాన్ని నమ్ముకుంటే బ్రెడ్డు ముక్కలే గతి.