ఎలుకల కోసం టెర్రియర్: ఏ రకం మేలు?

ప్రశ్న: ధాన్యం గోదాములో ఎలుకలు బస్తాలు కొరికేస్తున్నాయి. బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందు బిళ్లలు పెడుతున్నాం. టెర్రియర్ కుక్కను పెంచమని కొందరు అంటున్నారు. వాటిలో ఏ రకం తేవాలి? పక్కనే కోళ్లు కూడా ఉన్నాయి.

జవాబు: ముందు ఆ బిళ్లలు ఎత్తేయండి. మందు, టెర్రియర్ ఒకే చోట ఉండకూడదు. బ్రోమాడియోలోన్ రక్తం గడ్డకట్టకుండా చేసే మందు, అది తిన్న ఎలుక వెంటనే చావదు. నాలుగైదు రోజులు మందకొడిగా తిరుగుతుంది, కుక్కకు అదే ముందు దొరుకుతుంది. చాలా టెర్రియర్లు ఎలుకను చంపి వదిలేస్తాయి కానీ ఆకలి మీదున్నది తినేస్తుంది. బిళ్లనే నేరుగా మింగే ప్రమాదమూ ఉంది. కుక్కలో లక్షణాలు మూడు నుంచి ఐదు రోజుల తర్వాత గానీ బయటపడవు: చిగుళ్లు పాలిపోవడం, నీరసం, దగ్గు, నల్లటి విరేచనం. అప్పుడు విరుగుడుగా విటమిన్ కె1 వారాల తరబడి ఇవ్వాల్సి వస్తుంది. మరో ఎలుకల మందు జింక్ ఫాస్ఫైడ్‌కైతే విరుగుడే లేదు. మిగిలిన మందు, చచ్చిన ఎలుకలు అన్నీ తీసేసి, కనీసం నెల ఆగి కుక్కను తెచ్చుకోండి.

ఇక రకాలు. టెర్రియర్ అన్న మాట నేల అనే అర్థమున్న లాటిన్ పదం 'టెర్రా' నుంచి వచ్చింది. నేల తవ్వి జంతువును పట్టడమే దీని పుట్టు గుణం. మీ పనికి జాక్ రస్సెల్ బాగా సరిపోతుంది: ఎత్తు 25–30 సెం.మీ., బరువు 5–6 కిలోలు. బస్తాల సందుల్లోకి ఇట్టే దూరుతుంది. ఎలుకను మెడ దగ్గర పట్టి రెండు మూడు సార్లు గట్టిగా విదిలిస్తుంది. అది చావగానే అక్కడే వదిలి రెండోదాని మీద పడుతుంది. బోర్డర్, కెయిర్న్ టెర్రియర్లు కూడా పనిమంతులే, కానీ వాటివి గరుకు వెంట్రుకలు. చచ్చిన వెంట్రుకను బొటనవేలు, చూపుడువేలుతో పట్టి, పెరిగే దిశలోనే లాగి తీయాలి. కత్తిరిస్తే బొచ్చు మెత్తబడి మట్టి, తేమ పట్టేస్తుంది. తీరిక లేనివాళ్లు నున్నటి బొచ్చున్న జాక్ రస్సెల్‌నే తీసుకోవడం మంచిది.

యార్క్‌షైర్ ఒకప్పుడు మిల్లుల్లో ఎలుకలు పట్టినదే. ఇప్పుడు మూడు కిలోల ముద్దు కుక్క, పొడవాటి పట్టు వెంట్రుకలతో గోదాముకు పనికిరాదు. ఎయిర్‌డేల్ దాదాపు 60 సెం.మీ. ఎత్తుంటుంది, సందుల్లో పట్టదు. బుల్ టెర్రియర్, స్టాఫర్డ్‌షైర్ బుల్ టెర్రియర్ కుక్కల పోరాటాల కోసం పెంచిన వంశాలవి, వాటి జోలికి వెళ్లొద్దు. టిబెటన్ టెర్రియర్‌కు ఆ పేరు ఉందే తప్ప అది అసలు టెర్రియరే కాదు.

ఎలుక మూత్రం ద్వారా కుక్కకు లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు వస్తుంది, మనుషులకూ సోకుతుంది. కుక్కకు రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసుల టీకా, తర్వాత ఏటా ఒకటి వేయించండి. రేబిస్ టీకా తప్పనిసరి. చచ్చిన ఎలుకలను చేతి తొడుగులతోనే తీయండి.

కోళ్ల విషయంలో ఆశపడొద్దు. రెక్కల టపటప, పిల్లల కిచకిచ వింటే టెర్రియర్‌కు ఎలుకే గుర్తొస్తుంది. 8–12 వారాల వయసులోనే తాడు కట్టి కోళ్ల దగ్గర కూర్చోబెట్టండి. చూపు మరల్చి మీ వైపు చూసిన క్షణంలో చిన్న ముక్క తినిపించండి. ఇంత చేసినా, పెద్దయ్యాక కూడా ఒంటరిగా వదలకండి. కంచె వలను నేలలో 45 సెం.మీ. లోతుకు పాతండి, లేదంటే ఒక్క రాత్రిలో కింద నుంచి తవ్వుకుని పోతుంది.

కుక్క ఒక్కటే ఎలుకలను ఆపలేదు. ఎలుక కట్టిన మూడు వారాలకే ఈనుతుంది. బస్తాలను చెక్కల మీద ఎత్తి, గోడకు అర మీటరు దూరంగా పేర్చండి. కుక్క తిరగడానికీ ఆ సందే కావాలి. చిటికెన వేలు దూరే కంతలన్నీ ఇనుప వలతో, సిమెంటుతో మూసేయండి.

పిల్లను కొనేటప్పుడు తల్లిదండ్రులకు కంటి కటకం జారే జబ్బుకు జన్యు పరీక్ష చేయించారా అని అడగండి. జాక్ రస్సెల్‌లో ఇది వంశపారంపర్యంగా వస్తుంది. పెద్దయ్యాక ఏ రోజైనా కన్ను ఎర్రబడి, మసకబారి, కుక్క దాన్ని మూసుకుంటూ ఉంటే చుక్కల మందుతో కాలం గడపకుండా ఆ రోజే పశువైద్యుడికి చూపించండి.