గొలుసు తాకట్టు పెట్టి బ్లాగు పెంచుకోవాలా?

ప్రశ్న: మాది తెనాలి. ఎనిమిది నెలల కిందట వంటల బ్లాగు మొదలుపెట్టాను. పచ్చళ్ళు, పొడులు, పిండివంటల మీద ఇప్పటికి 64 పోస్టులు రాశాను. గూగుల్ యాడ్‌సెన్స్ ప్రకటనలు వస్తున్నాయి. ఇప్పటిదాకా 50 వేల వ్యూస్ వచ్చాయి. ఖాతాలో 37 డాలర్లు చూపిస్తోంది, చేతికి మాత్రం రూపాయి రాలేదు. సైటుకు ఏడాదికి 4,200 రూపాయలు కడుతున్నాను. 35 వేలు కడితే కోర్సు నేర్పి, నెలకు 50 వేల వ్యూస్ తెప్పిస్తామని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు అంటున్నారు. నూటికి రూపాయి వడ్డీకి గొలుసు తాకట్టు పెడదామనుకుంటున్నాను. మా ఆడపడుచేమో అంత ఖర్చెందుకని, చుట్టాల వాట్సాప్ గ్రూపులో అందరినీ రోజూ ఒకసారి యాడ్ మీద నొక్కమని చెబుతోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ ఆడపడుచుగారికి ఫోన్ చేసి, ఆ మెసేజ్ ఈ రోజే తీసేయమనండి. మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం. ఆవిడ మీ మేలు కోరే చేశారు, కాదనను. కానీ తెలిసినవాళ్ళ చేత పనిగట్టుకుని నొక్కించడం యాడ్‌సెన్స్ నిబంధనలకు విరుద్ధం. మీరు మీ ప్రకటన మీద నొక్కినా అంతే. పట్టుబడితే ఖాతా మూసేస్తారు, అందులో ఉన్న డబ్బు ప్రకటనదారులకు వెనక్కి ఇచ్చేస్తారు. ఒకసారి మూసేశాక మీ పేరుతో ఇంకో ఖాతా తెరుచుకోవడం కూడా కుదరదు. పైగా 2024 నుంచి ప్రకటన కనిపించినందుకే లెక్క కడుతున్నారు, నొక్కితేనే డబ్బు అన్న పద్ధతి పోయింది. 37 డాలర్ల కోసం ఎనిమిది నెలల కష్టాన్ని పణంగా పెట్టకండి.

ఇక గొలుసు సంగతి. లెక్క తేలిగ్గా ఉండటానికి డాలరు 85 రూపాయలు అనుకుందాం. 37 డాలర్లంటే 3,145 రూపాయలు. ఎనిమిది నెలలకు పంచితే నెలకు 393. మీరు తెద్దామనుకుంటున్న 35 వేలకు రూపాయి వడ్డీ అంటే నెలకు 350. అంటే మీ బ్లాగు సంపాదనంతా దాదాపు వడ్డీకే సరిపోతుంది, అసలు అలాగే ఉంటుంది. సైటు ఖర్చు 4,200 మీ చేతి నుంచి పడుతుంది. గొలుసు ఇంటికి రావాలంటే ఆ డబ్బు ఇంకెక్కడినుంచో తేవాలి. అది మీవారి జీతమో, చీటీ డబ్బులో అయి ఉంటుంది. అందుకే వద్దంటున్నాను.

50 వేల వ్యూస్ తెప్పిస్తే ఆదాయం పెరగదా అని మీరు అడగొచ్చు. మీకు ఇప్పుడు వెయ్యి వ్యూస్‌కు 63 రూపాయలు పడుతున్నాయి. నెలకు పదివేలు రావాలంటే దాదాపు లక్షా 59 వేల వ్యూస్ కావాలి. ఇప్పుడు నెలకు వస్తున్నవి 6,250. అంటే 25 రెట్లు పెరగాలి. వాళ్ళు చెప్పిన 50 వేలు నిజంగా వచ్చినా నెలకు మూడువేల చిల్లరే. అసలు అన్ని వ్యూస్ ఎక్కడినుంచి తెస్తారో అడిగారా? డబ్బిచ్చి కొన్న వ్యూస్‌లో చాలావరకు మనుషులు చూసినవి కావు. గూగుల్ వాటిని గుర్తిస్తే, ఆడపడుచుగారి నొక్కుళ్ళ వల్ల వచ్చే ముప్పే ఇక్కడా వస్తుంది. యాడ్‌సెన్స్ అప్రూవల్ కూడా ఇప్పిస్తామని అంటే నమ్మకండి. అది మీకు ఎప్పుడో వచ్చింది, దానికి ఫీజు కూడా లేదు.

మీ రేటు తక్కువగా ఉండటం మీ రాత వల్ల కాదు. పేజీ తెరిచిన ప్రతిసారీ ఆ ప్రకటన చోటు కోసం ప్రకటనదారుల మధ్య వేలంపాట జరుగుతుంది. పోటీ ఎక్కువైతే రేటు పెరుగుతుంది. తెలుగు పేజీలకు యాడ్‌సెన్స్ అందుబాటులోకి వచ్చిందే 2018లో. ఇంగ్లిష్‌తో పోలిస్తే ఇక్కడ పాటదారులు తక్కువ. అదే పేజీని డాలస్‌లో ఉన్న తెలుగమ్మాయి తెరిస్తే, గుంటూరులో తెరిచినదానికంటే సాధారణంగా ఎక్కువ పడుతుంది. మీ పోస్టుల్లో దేన్ని అమెరికా వాళ్ళు ఎక్కువ చూస్తున్నారో రిపోర్టులో చూసుకోండి. అక్కడ దొరికే కాయతో, అక్కడి మిక్సీలో ఎలా చెయ్యాలో ఆ పోస్టులో ఒక పేరా కలపండి. దానికి పైసా ఖర్చు లేదు.

చేతికి రూపాయి రాలేదన్నారు కదా, అందులో తప్పేం లేదు. 100 డాలర్లు దాటితేనే పంపుతారు. దాటిన మరుసటి నెల 21, 26 తేదీల మధ్య వేస్తారు. ఇదే నడకన వెళితే మీకింకా 14 నెలలు పడుతుంది. ఈలోగా ఒక పని చూడండి. 10 డాలర్లు దాటగానే మీ చిరునామాకు పోస్టులో పిన్ ఉత్తరం పంపుతారు, అంటే చిరునామా మీదేనని నిర్ధారించుకోవడానికి ఇచ్చే నంబరు. అది మామూలు టపాలో వస్తుంది, సంతకం తీసుకోరు. పై పోర్షన్ వాళ్ళకో, ఇంటి ఓనరుకో ఇచ్చేసి వెళ్ళి ఉండొచ్చు, అడగండి. రాకపోతే ఖాతాలోకి వెళ్ళి మళ్ళీ పంపమనండి. చిరునామాలో డోర్ నంబరు, పిన్‌కోడ్ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. మొదటి పిన్ పంపిన నాలుగు నెలల్లో దాన్ని ఖాతాలో ఎక్కించకపోతే ప్రకటనలు ఆగిపోతాయి.

ఖాతాలో పేరు మీ బ్యాంకు పాసుబుక్కులో ఉన్నట్టే ఉండాలి. విదేశీ డబ్బు వచ్చిన ప్రతిసారీ కొన్ని బ్యాంకులు చార్జీ కోసుకుంటాయి. కాబట్టి మీ బ్రాంచిలో ముందే అడిగి తెలుసుకోండి. చార్జీ ఎక్కువైతే, 100 దగ్గర కాకుండా 300 డాలర్లకు ఒకసారి పంపేలా మీరే ఖాతాలో పెట్టుకోవచ్చు. ఈ ఆదాయం మీదే, మీవారి జీతంలో కలవదు. మీకు వేరే ఆదాయం లేకపోతే ఇంత మొత్తానికి పన్ను టెన్షన్ అక్కర్లేదు. సైటుకు కట్టిన బిల్లులు మాత్రం దాచుకోండి. రేపు రిటర్ను వేయాల్సి వస్తే ఖర్చు కింద చూపించుకోవచ్చు.

ఇంకో లెక్క చెబుతాను. కిలో గోంగూర పచ్చడి అమ్మితే ఖర్చులు పోను 120 రూపాయలు మిగులుతాయనుకోండి. ప్రకటనల మీద అంత రావాలంటే 1,900 మంది మీ పేజీ చూడాలి. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తీసుకుని, ప్రతి పచ్చడి పోస్టు కింద "ఆర్డరుకు" అని ఒక్క వరుస పెట్టి చూడండి. ఆవకాయ పోస్టు ఫిబ్రవరికల్లా సిద్ధం చేసుకోండి. కాయ మార్కెట్లోకి వచ్చాక రాస్తే, గూగుల్ దాన్ని పైకి తెచ్చేసరికి జాడీలు నిండిపోతాయి.