ఫ్లార్మ్ ఉన్నా టో ప్లేన్‌కి వేరే దారి ఎందుకు?

ఇంజన్ లేని గ్లైడర్లన్నిటికీ ఫ్లార్మ్ (ఢీకొనే ముప్పుంటే హెచ్చరించే పరికరం) ఉన్నప్పుడు, వాటిని తాడుతో పైకి లాగే టో ప్లేన్ ఏ వైపు నుంచి దిగితే ఏమైంది, దాని మీద అంత పట్టుదల ఎందుకు అని అడిగారు. నేను గ్లైడర్ నడుపుతాను, టో ప్లేన్ కూడా నడుపుతాను. నా అనుభవంలో ఫ్లార్మ్, కళ్లు, రేడియో మూడూ పనికొచ్చేది దారులు కలిశాకే. అసలు కలవకుండా చేసే ఏర్పాటు నేల మీదే జరగాలి.

చాలామంది రిలీజ్ సమయంలోనే, అంటే గ్లైడర్ తాడు వదిలేటప్పుడే, ప్రమాదం ఎక్కువనుకుంటారు. అప్పుడు ఒకరి సంగతి ఒకరికి తెలుసు. తాడు ఊడిందని కళ్లారా చూసుకుని గ్లైడర్ ఒక వైపు, టో ప్లేన్ రెండో వైపు తిరుగుతాయి. చాలా చోట్ల గ్లైడర్ కుడికి, టో ప్లేన్ ఎడమకి. మీ క్లబ్‌లో పద్ధతి వేరుగా ఉంటే దాన్నే పాటించండి. నాకు టెన్షన్ అంతా ఆ తర్వాతే. ఇప్పుడే లాగి వదిలిన గ్లైడర్‌తో కాదు, ఎప్పుడో వదిలి మర్చిపోయిన గ్లైడర్లతో.

ఎందుకంటే కింద ఇంకో గ్లైడర్ తాడు కోసం ఎదురుచూస్తుంటుంది కాబట్టి టో పైలట్ త్వరగా దిగాలని చూస్తాడు. అదే సమయానికి థర్మల్ (పైకి లేచే వేడి గాలి) దొరకని గ్లైడర్లు ఎత్తు కోల్పోయి సర్క్యూట్‌లోకి, అంటే రన్‌వే మీద దిగే ముందు పక్కగా తిరిగి వచ్చే దారిలోకి, వస్తుంటాయి. అందరూ చేరేది ఒక్క రన్‌వే దగ్గరికే. పైగా ఇంజన్ లేని గ్లైడర్‌కి మళ్లీ పైకి లేచి ఇంకో ప్రయత్నం చేసే అవకాశం లేదు.

చూసి తప్పుకోవచ్చు కదా అంటారు. రెక్కలు కింద ఉన్న టో ప్లేన్‌లో మన కిందున్నది కనపడదు. గ్లైడర్ పైలట్‌కి వెనక పైనుంచి దిగుతున్నది కనపడదు. ఒకటి రెండో దాని మీదికి దిగుతున్నా ఇద్దరికీ తెలియదు. రెక్కలు పైన ఉన్న విమానమైతే మలుపులో వంగిన రెక్కే మనం తిరగబోయే వైపుని మూసేస్తుంది. ఇంకో ఇబ్బంది, ఢీకొనే దారిలో ఉన్న విమానం కాక్‌పిట్ అద్దంలోంచి చూస్తే అటూ ఇటూ కదలదు. ఒకే చోట చుక్కలా ఉండి చివర్లో ఒక్కసారిగా పెద్దదవుతుంది. కదిలేదాన్ని కన్ను ఇట్టే పట్టుకుంటుంది గానీ, ఇలా నిలిచిన చుక్కని వదిలేస్తుంది. ఎదుటి విమానాన్ని చూసి, గుర్తించి, తప్పుకోవడానికి 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ లెక్క. గంటకి 100 కి.మీ. గ్లైడర్, 200 కి.మీ. టో ప్లేన్ ఎదురెదురుగా వస్తే ఆ లోపు కిలోమీటరు దూరం కరిగిపోతుంది. కిలోమీటరు దూరంలో గ్లైడర్ ఎదురుగా ఎంత సన్నగా కనిపిస్తుందో మీకు తెలిసే ఉంటుంది.

ఫ్లార్మ్‌ని తక్కువ చేయడం లేదు. 2004లో స్విట్జర్లాండ్‌లో గ్లైడర్ల కోసమే పుట్టిన పరికరం అది. రెండు విమానాలూ తమ స్థానాన్ని, రాబోయే దారిని పంచుకుంటాయి కాబట్టి ఊరికే దగ్గరైనంత మాత్రాన అరవదు. కానీ అవతలి విమానంలో కూడా అది ఉండి, పనిచేస్తూ ఉండాలి. యాంటెన్నా చోటు సరిగ్గా లేకపోతే కార్బన్ ఫైబర్ బాడీ సిగ్నల్‌ని కొన్ని వైపులకి అడ్డేస్తుంది. మీ యాంటెన్నాని మాత్రం ఒకసారి చెక్ చేయించుకోండి, చాలామంది పట్టించుకోరు.

ఇంజన్ ఉన్న విమానమే గ్లైడర్‌కి దారివ్వాలన్న నియమం నిజమే. చూడని గ్లైడర్‌కి మాత్రం ఏ టో పైలటూ దారివ్వలేడు.

మా దగ్గర ఏం చేశామంటే, గ్లైడర్ల సర్క్యూట్ ఒక వైపు, టో ప్లేన్ దిగేది రెండో వైపు అని విడదీశాం. ఎయిర్‌ఫీల్డ్‌కి సరిగ్గా నెత్తి మీద ఎత్తు తగ్గించుకోవడం పూర్తిగా మానేశాం. తిన్నగా ఒకే దిశలో జారకుండా, మధ్యలో మలుపులు తీసుకుంటూ ముక్కు కిందున్న చోటు చూసుకుంటూ దిగాలి. రేడియోలో ఎవరు, ఎక్కడ, ఎంత ఎత్తు, ఏ వైపు వెళ్తున్నారు, అంతే. కబుర్లు వద్దు. ప్రతి టోకి కాస్త ఎక్కువ సమయం పట్టింది, క్యూలో నిలబడ్డవాళ్లు మొదట్లో సణిగారు. ఇప్పుడెవరూ ఆ మాటే ఎత్తరు.

తాడుని కూడా లెక్కలోకి తీసుకోవాలి. సుమారు 60 మీటర్ల తాడు టో ప్లేన్ వెనక, కిందికి వేలాడుతూ వస్తుంది. విమానం తప్పినా తాడు తగలొచ్చు. అందుకే దిగిన గ్లైడర్ల మీదుగా, వాటిని తోస్తున్న మనుషుల మీదుగా తక్కువ ఎత్తులో రావద్దని టో పైలట్లకి ఖచ్చితంగా చెప్పాలి.

టో ప్లేన్ వైపు మంచి థర్మల్ దొరికితే వదిలేయాలా అని కూడా అడిగారు కదా. ఎత్తులో ఉంటే వాడుకోండి, రేడియోలో చెప్పండి. సర్క్యూట్ ఎత్తుకి దగ్గరపడ్డాక మాత్రం అక్కడ గిరికీలు కొట్టకుండా మీ వైపుకి వచ్చేయండి. ఆ ఎత్తు ఎంతో ఉదయం బ్రీఫింగ్‌లోనే అంకెతో సహా చెప్పించండి. లేకపోతే ‘తక్కువ ఎత్తు’ అంటే ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క ఉంటుంది.